కప్పకు గాజు ఇల్లు

కప్పను ఇంట పెంచుట యనగానే నవ్వువారు కలరు. పెంచుట కేమున్నది, తొలకరి పడినంతనే పిలువకయే వచ్చును గదా యని వారి యాక్షేపణ. సామర్లకోట వంటి కాలువ యూళ్లలో ఈ మాట చాలవరకు నిజమే. మొదటి గట్టివానకు పెరటి గోతిలో బెకబెకలు, స్నానాల గది గోడమీద చెట్టుకప్ప, వీధి దీపము క్రింద పురుగులకై కాచుకొని కూర్చున్న గరుకు వీపు కప్ప, ఇవి యెరుగని యిల్లు డెల్టాలో అరుదు. అయినను గాజుపెట్టెలో మన్నును, నీటిని, ఆకులను, మొక్కలను అమర్చి, కప్ప తాను పుట్టినచోట ఎట్లు బ్రదుకునో అట్లే బ్రదుకునట్లు చేయు విద్య యొకటి కలదు. దానికి రెండు శతాబ్దములకు పైబడిన చరిత్ర యున్నది. ఆ చరిత్రను నడుమ తెరచి చూచినచో మన సామర్లకోట కూడ కనబడును.

మన పూర్వులు కప్పను పెట్టెలో పెట్టలేదు. దాని గొంతు విన్నారు. ఋగ్వేదము ఏడవ మండలములోని నూటమూడవ సూక్తము మండూక సూక్తము. ఏడాది పొడుగున మౌనముగా పడియుండి, వాన తగులగానే గొంతెత్తు కప్పలను వేదము వల్లించు బ్రాహ్మణులతో పోల్చిన సూక్తమది. తెలుగు పల్లెలలో వానలు వెనుకబట్టినప్పుడు కప్పతల్లిని ఊరేగించు ఆచారము నిన్న మొన్నటి దాక నడచినదే. మద్రాసు మ్యూజియమునకు చాలకాలము అధ్యక్షుడుగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్, కాపు స్త్రీలు కప్పను కొత్త చేటకు కట్టి, వేపాకులు పరచి, ఇంటింటికి త్రిప్పి నీళ్లు పోయించు వైనమును తన గ్రంథమున వ్రాసియుంచెను. ఆ ఊరేగింపులో కప్ప సుఖమును గూర్చి యెవరును అడిగినట్లు లేదు. ఒక్కటి మాత్రము వారికి తెలియును: కప్పకు పోయవలసినది నీరు, అదియు ఒంటిమీద. ఈ చిన్న విషయమును శాస్త్రము తన దారిని తాను కనుగొనుటకు చాలకాలము పట్టినది.

జర్మనీ దేశమున పూర్వము చెట్టుకప్పను ఒక గాజుకూజాలో నుంచి, అందు చిన్న నిచ్చెన నొకదానిని నిలుపు వాడుక యుండెడిది. కప్ప నిచ్చెన ఎక్కినచో ఎండ కాయును, దిగినచో వాన వచ్చునని నమ్మెడివారు. వాన గుర్తుకు కప్పను చూచుటలో వారికిని మనకును భేదము లేదన్న మాట. కూజాలోని కప్పకు మన్ను లేదు, నీడ లేదు, దాగుటకు తావు లేదు. దానిని పెంపకమనుటకు మాకు మనసొప్పదు. న్యూరెంబర్గులో సూక్ష్మచిత్రకారుడుగా నుండిన ఆగస్ట్ యోహాన్ రోజెల్ అను నతడు మాత్రము కప్పలను ప్రాణులుగా చూచెను. గ్రుడ్డునుండి తోకకప్పగా, తోకకప్పనుండి నాలుగు కాళ్ల కప్పగా మారు ప్రతి దశను బొమ్మలుగా వ్రాసి, 1758లో ముగిసిన ఒక పెద్ద గ్రంథముగా వెలువరించెను. ఆ గ్రంథపు పేరులోనే "మన దేశపు కప్పలు" అన్న మాట యున్నది. దూరదేశపు వింతలకై యెగబడు కాలమున తన యూరి గుంటలోని కప్పను వస్తువుగా తీసికొన్నవాడు గనుక, స్వదేశపు కప్పలను పెంచువారందరు అతనిని మొదటివానిగా తలచుకొనుట న్యాయము.

ఇక సామర్లకోట మాట. స్కాట్లండువాడైన విలియం రాక్స్‌బర్గు 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781 ప్రాంతమున సామర్లకోటకు వచ్చెను. 1793లో కలకత్తా కంపెనీ తోటకు అధికారిగా వెళ్లువరకు ఈ యూరే అతనికి ప్రయోగశాల. ఇచ్చట తోట వేసి మిరియము, నీలిమందు, చెరకు మున్నగువానిని పరీక్షించెను. వానలను, వేడిని కొలిచి వ్రాసికొనెను. దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించెను. ఆ బొమ్మల నుండియే కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము 1795 మొదలు లండనులో వెలువడినది. మూడు సంపుటములు, మూడువందల చిత్రములు. 1787 నాటి ఉప్పెనలో అతడు కూర్చుకొన్నవి చాల భాగము కొట్టుకొనిపోయినవి. అందులకు వెరవక మరల కూర్చినవా డతడు.

బొమ్మలు క్షేమముగా సముద్రము దాటగలవు. బ్రదికియున్న మొక్కల సంగతి వేరు. నెలల తరబడి సాగు ఓడ ప్రయాణములో ఉప్పుగాలికి, మంచినీటి కొరతకు మొక్కలు మాడిపోయెడివి. కలకత్తా, సామర్లకోట, సింహళము, ఏ తోటవారి దైనను ఆనాటి దుఃఖమిదే. కడలి నడుమ తడినేల నొకదానిని నిలుపుట ఎట్లు? రాక్స్‌బర్గు కాలమున ఈ ప్రశ్నకు జవాబు లేదు.

అదే కాలమున మరొక చోట మరొక ప్రశ్నకు జవాబు దొరికెను. రాబర్టు టౌన్సన్ అను ఆంగ్లేయుడు జర్మనీలోని గోటింగెన్ విద్యాపీఠమున చదువుచు, తన గదిలోనే కప్పలను పెంచి వానిని మాటిమాటికి తూచి చూచెను. ఎండిన కప్పకు తడి తగిలినంతనే బరువు పెరుగుచుండెను. నోటితో త్రాగినది మాత్రము లేదు. కప్ప చర్మముతో, ముఖ్యముగా పొట్ట క్రింది చర్మముతో, నీరు త్రాగునని అతడు 1790ల దశకమున ప్రకటించెను. గాజు ఇంటి విద్యకు మూలసూత్రము మా దృష్టిలో ఇదియే. పెట్టె నిర్మాణము, మన్ను, మొక్కలు అన్నియు దీని తరువాతివి. కప్ప కూర్చున్న నేలయే దాని గ్లాసు. ఆ నేలలో నున్నదంతయు దాని రక్తములోనికి పోవును.

టౌన్సన్ తూచి చూచిన కొలది యేండ్లకే, 1799లో, జర్మను పండితుడు యోహాన్ గాట్లోబ్ ష్నైడరు మన కప్పలకు శాస్త్రనామములు పెట్టెను. ఇంటి గడపయొద్ద కనబడు గరుకు కప్ప, నీటి మీద గెంతుచు పోవు చెరువు కప్ప, మట్టిలో దూరి యేడాదిలో అధికభాగము దాగియుండు బుడగ కప్ప, ఇసుకనేలల గుంతకప్ప, ఈ నాలుగింటికిని ఒక్క గ్రంథమునందే పేర్లు కుదిరినవి. అతడు వానిని సీసాలలోని సారాయిలో చూచినవాడే గాని, వాన రాత్రి వానిని విన్నవాడు కాడు.

ఓడలోని తడినేల సమస్యకు పరిష్కారము 1829 ప్రాంతమున లండనులో దొరికినది. నాథానియల్ వార్డు అను వైద్యుడు ఒక చిమ్మటపురుగు గూటిని తడిమన్నుతో సీసాలో మూసియుంచగా, పురుగు మాట యెట్లున్నను మన్నులోనుండి ఒక పర్ణపు మొక్క, ఒక గడ్డిపోచ మొలచి పెరిగినవి. పగలు లేచిన ఆవిరి గాజుకంటి రాత్రికి నీరై దిగుచు, మరల మన్నును తడుపుచుండెను. 1833లో అతడు రెండు గాజుపెట్టెల నిండ మొక్కలు పెట్టి సిడ్నీకి పంపగా అవి బ్రదికి చేరినవి. అక్కడి మొక్కలును తిరుగు ప్రయాణమున బ్రదికి వచ్చినవి. తరువాత చీనా దేశపు తేయాకు మొక్కలు హిమాలయ తోటలకు చేరినది ఈ పెట్టెలలోనే. నలుబది, ఏబది యేండ్ల క్రిందట సామర్లకోట తోటలో ఈ పెట్టె యుండిన యెడల ఎన్ని మొక్కలు దక్కియుండెడివో యని అనుకొనకుండ ఉండలేము.

మొక్కల పెట్టెలో ప్రాణిని చేర్చుట తరువాతి మెట్టు. లండను జంతుశాలలో 1849లో సరీసృపములకు ప్రత్యేక గృహము కట్టిరి. అట్టిది లోకమున అదే మొదటిది. 1853లో చేపల గృహము వెలసెను. ఇళ్లలో పెట్టెలు పెట్టు అభిరుచి ఐరోపా అంతట వ్యాపించెను. యోహాన్ ఫాన్ ఫిషరు 1884లో "టెరేరియము" అను పేరిట, రెవరెండు గ్రెగరీ బేట్‌మన్ 1897లో "వైవేరియము" అను పేరిట కట్టుబడి విధానములను వివరించు గ్రంథములు వ్రాసిరి. వైవేరియ మన్నది లాటిను మాట. రోమనులు బ్రదికియున్న మృగములను, చేపలను ఉంచుకొను చోటికి ఆ పేరు.

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. నేటికిని చాలమంది దానిలోనే తప్పటడుగు వేయుచుందురు. వార్డు పెట్టె మూతపెట్టె. మొక్కకు మూత మేలు. కప్పకు మూత కీడు. గాలి ఆడని తడిలో బూజు పట్టును, చర్మరోగములు పుట్టును. మన గోదావరి మండలపు వేసవిలో మూసిన గాజుపెట్టె ఒక్క మధ్యాహ్నములో ఉడుకుకుండ యగును. చలిదేశపు గ్రంథములు చెప్పు దీపములు, వేడి పలకలు మనకు అక్కరలేదు. మనకు కావలసినది నీడ, గాలి, మలినము లేని నీరు. ఈ మూటిలో కడపటిదే కష్టము.

కట్టు విధానమును కొంత వివరింతుము. రెండు గరుకు కప్పలకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుగల పెట్టె చాలును. పైన గాజుమూతకు బదులు సన్నని కన్నుల వల బిగింపవలెను. వల కొస కప్ప ముక్కునకు గీచుకొనకుండ లోపలి అంచున గుడ్డపట్టీ వేయుట మంచిది. అడుగున రెండంగుళముల మందమున పెంకుల ముక్కలు గాని గులకరాళ్లు గాని పరచవలెను. మన్నులో మిగిలిన నీరు అందులోనికి దిగును, వేళ్లు కుళ్లవు. దాని మీద పలుచని గుడ్డ, గుడ్డ మీద నాలుగైదంగుళముల మన్ను. కోనసీమ కొబ్బరిపీచు పొట్టు ఇందుకు మిక్కిలి తగినది. ఉప్పు పోవువరకు రెండు మూడు నీళ్లలో కడిగి, ఇసుకతోను తోటమన్నుతోను కలుపవలెను. పొలము మన్ను మాత్రము వద్దు. ఎరువు, పురుగుమందు పడిన వరిచేని మన్ను చూచుటకు నల్లగా ఎంత సారవంతముగా నున్నను, చర్మముతో త్రాగు ప్రాణికి అది విషపాత్ర.

మన్ను మీద ఎండిన మామిడాకులు, జామాకులు దట్టముగా పరచిన చాలును, సగము పని యైనట్లే. గరుకు కప్ప పగలంతయు వాని క్రిందనే గడపును. పగిలిన కుండలో సగము బోర్లించినచో దానికది రాజభవనము. ఒక మూల వెడల్పైన మట్టి మూకుడు పాతి, కప్ప కూర్చున్నప్పుడు దాని గడ్డము మునుగనంత లోతున నీరు పోయవలెను. కప్పలు నీటిలో చావవని కొందరి నమ్మకము. గరుకు కప్ప ఎక్కలేని పాత్రలో పడిన మునిగి చచ్చును. చెట్టుకప్పకు వేరు పెట్టె కావలెను. అందు వెడల్పు కంటె ఎత్తు ముఖ్యము, నిలువు కొమ్మలు, వెడల్పాకుల మొక్కలు ముఖ్యము. రెండు జాతులను ఒకచోట నుంచరాదు. గరుకు కప్ప చెవుల వెనుక గ్రంథులనుండి స్రవించు పాలు వంటి విషము ఇతర ప్రాణులకు హాని. దానిని ముట్టినవారు చేతులు కడుగుకొననిదే కన్ను నలుపుకొనరాదు. బోదురు కప్పను అసలే తేవలదు. నోట పట్టిన ప్రతి ప్రాణిని, తోటి కప్పను సహా, అది మ్రింగును. పైగా అది దూకు దూకునకు గాజు చాలదు.

పోషణలో నీటి తరువాత చెప్పవలసినది ఆహారము. కదలని దానిని కప్ప ఆహారముగా గుర్తింపదు. కీచురాళ్లు, చెదలు, వానపాములు, చిన్న బొద్దింకలు వేయవచ్చును. అయితే మందు చల్లిన ఇంటి బొద్దింకను వేయుట కప్పకు మందు పెట్టుటయే. ఎదిగిన గరుకు కప్పకు వారమునకు మూడుమారులు పెట్టిన చాలును. అడిగినంత పెట్టినచో బలిసి రోగి యగును. కుళాయి నీటిలో క్లోరిను కలిసియుండును గనుక వెడల్పు పాత్రలో ఒక దినము ఆరుబయట నిలువయుంచి వాడవలెను. వాననీరు పట్టి దాచుకొన్న ఇంకను మేలు. మూకుడు నీరు ప్రతిదినము మార్చవలెను. మలమును తీసివేయవలెనే గాని, మన్నంతయు మాటిమాటికి మార్చి సబ్బుతో కడుగరాదు. మన్నులోని సూక్ష్మపురుగులే సగము శుభ్రము చేయును. ఆకులు కుళ్లుచున్నవని గృహిణులు బెంగపడనక్కరలేదు. అడవినేల వాసన వచ్చుచున్నంతకాలము అది ఆరోగ్యమే, దుర్గంధము వచ్చిననే రోగము.

ఋతువును పాటించుట మరొక ముఖ్యాంశము. దీనికి మన డెల్టాయే గురువు. రాక్స్‌బర్గు చూచిన సామర్లకోట నేటి సామర్లకోట కాదు. అప్పటికి గోదావరి కాలువలు లేవు. 1790ల ఆరంభమున ఈ సర్కారులను కరవు పీడించినది. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసిన పిమ్మట కాలువలు సాగి, వరిచేలు విస్తరించినవి. కప్పల కంటితో చూచినచో ఈ భూమి యంతయు ఒక పెద్ద నీటిపెట్టెగా మారినది ఆ తరువాతనే యని మా తలంపు. ఆ పెట్టెకును ఒక ఎండుకాలము కలదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు, చేలు నెఱ్రెలు విచ్చును, కప్పలు మట్టి క్రింద, గట్ల బొరియలలో దాగును. గాజుపెట్టెలోను వేసవి వచ్చినప్పుడు మన్నులో ఒక ప్రక్క తడిని, మరొక ప్రక్క పొడిని ఉంచి, తనకు కావలసినచోటు కప్పనే ఎంచుకొననీయవలెను. సంవత్సరమంతయు ఒకే తీరున తడుపుట దయ కాదు.

ఇంతవరకు చెప్పినది పెంపకము. ఇక సంఖ్య తగ్గిన కథ. 1950ల దశకము మొదలు మన దేశపు కప్పకాళ్లు ఫ్రాన్సు, అమెరికా మొదలగు దేశములకు ఎగుమతి యగుచు వచ్చినవి. వానకాలపు రాత్రులు దీపములతో పొలములపై పడి బోదురు కప్పలను గోతములకొలది పట్టెడివారు. కప్ప పోయిన చేలో పురుగు పెరుగును. పురుగుకు మందు కొట్టుదురు. ఆ మందు మిగిలిన కప్పలను తాకును. 1985లో అంతర్జాతీయ ఒడంబడిక మన బోదురు కప్పను అదుపు పట్టికలో చేర్చినది. 1987లో భారత ప్రభుత్వము ఎగుమతినే నిషేధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో కప్పలును చేరినవి. ఆ చట్టమును 2022లో సవరించి పట్టికలను మార్చిరి. కావున ఏ కప్పనైనను పట్టి తెచ్చుటకు ముందు అటవీశాఖవారిని విచారింపక తప్పదు. కళాశాలలలో కప్పలను కోసి నేర్పు పద్ధతిని 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిలిపివేసినది.

కప్పను ఊరు మార్చుట గూర్చియు హెచ్చరింపవలెను. సామర్లకోట చెరకునకు ప్రసిద్ధి. గోదావరి మండలపు చెరకును ఎఱ్ఱకుళ్లు తెగులు పీడింపగా, 1902లో ఇచ్చట ప్రభుత్వ చెరకు పరిశోధన క్షేత్రము వెలసినది. ఆస్ట్రేలియావారు తమ చెరకు పురుగును చంపుటకు 1935లో హవాయినుండి సుమారు నూరు పెద్ద గరుకు కప్పలను తెచ్చి వదలిరి. పురుగు పోలేదు. కప్పలు దేశమును నింపి, వానిని తిన్న అచ్చటి ప్రాణులను విషముతో చంపుచున్నవి. కప్పలతో రోగమును ప్రయాణము చేయును. చర్మమును గట్టిపరచి, దాని గుండా ఉప్పులు, నీరు సరిగా ఇంకనీయని ఒక బూజు అనేక ఖండములలో కప్పజాతులను తుడిచివేసినట్లు 1998, 1999 సంవత్సరములలో పండితులు గుర్తించిరి. టౌన్సన్ కనుగొన్న ఆ చర్మద్వారమే దాని దారి. కనుక గాజుపెట్టెలోని నీటిని కాలువలో గాని చెరువులో గాని పారబోయరాదు. పొడినేలపై ఎండలో పోయవలెను. అంగళ్లలో అమ్ము పరదేశపు కప్పను మన తోటలో వదలరాదు.

ఇన్ని నియమములు వినిన గృహస్థుడు వెనుదీసినచో మేము నొచ్చుకొనము. వానికి మరొక మార్గము కలదు. మాకు అదియే మిన్న. పెట్టెకు గోడలు తీసివేయుటయే ఆ మార్గము. పెరటిలో నీడగల మూల నాలుగడుగుల వెడల్పున, మోకాలు లోతునకు మించకుండ గొయ్యి త్రవ్వి, ఒక ప్రక్క వాలుగా వదలి, బంకమన్నుతో మెత్తవలెను. అంచున చేమ, గడ్డి నాటి, ప్రక్కన రాళ్లను, కుండపెంకులను గుట్టగా పోసిన చాలును. చేపలు వేయరాదు, అవి తోకకప్పలను తినివేయును. దోమలకు వెరచువారు వారమున కొకమారు పలుచని గుడ్డవలతో నీటి పై మట్టమును దేవుచుండవచ్చును. ఆ చుట్టుప్రక్కల మందు చల్లరాదు, రాత్రి పెద్ద దీపము వెలిగింపరాదు. కప్పలను తేనక్కరలేదు. వానకు అవే వచ్చును. వేసవిలో గొయ్యి ఎండిన అవే పోవును.

ఆ గోతిపై వంగిన కొమ్మకు గాని, నీటితొట్టి గోడకు గాని, వానకాలమున ఒక ఉదయము పిడికెడు తెల్లని నురుగు అంటుకొని కనబడవచ్చును. మరక యని కడిగివేయుదురు, కడుగరాదు. అది చెట్టుకప్ప కట్టిన గూడు, లోపల గ్రుడ్లున్నవి. దాని క్రింద నీరు లేనిచో గోతినీటితో ఒక పళ్లెము పెట్టవలెను. కొలది దినములకు నురుగు కరగి, తోకకప్పలు ఒక్కొక్కటిగా నీటిలోనికి రాలును. వానిని మెల్లగా ఆ గోతిలోనికే వంపవలెను.